లేబర్ రూమ్‌లో పుట్టే ప్రశ్నలకు మన థీసిస్‌లలో చోటివ్వండి

నర్సింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, థీసిస్ గైడ్‌లకు, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లో నర్సింగ్ పాఠాలు, పరీక్షలు నిర్ణయించే పెద్దలకు నమస్కారాలు.

ప్రసూతి నర్సింగ్ చదివే పిల్లలు చేసే పరిశోధన కాన్పులు జరిగే చోట పుట్టాలి, అక్కడే ఉపయోగపడాలి. ఇప్పుడు అలా జరగడం లేదు. టాపిక్ ఒప్పుకునేదీ మీరే, మార్కులు వేసేదీ మీరే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. నేను లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేసి, తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చినదాన్ని. రెండు వైపులా చూశాను కాబట్టి చెప్పక తప్పడం లేదు.

ఏ కాలేజీ లైబ్రరీలోనైనా చివరి బీరువా తెరిచి థీసిస్‌ల పేర్లు చదవండి. ఊరు మారుతుంది, జబ్బు మారుతుంది, మిగతాదంతా ఒకటే. ఫలానా గ్రామంలో గర్భిణులకు రక్తహీనతపై ఉన్న అవగాహన మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం. ఫలానా ఆసుపత్రిలో తొలిచూలు తల్లులకు తల్లిపాలపై ఉన్న అవగాహన మీద అదే ప్రోగ్రామ్ ప్రభావం. అరవై మందిని కూర్చోబెట్టి ప్రీటెస్ట్ పెడతారు, చార్టులు చూపించి పాఠం చెబుతారు, వారం తర్వాత అవే ప్రశ్నలతో పోస్ట్‌టెస్ట్ పెడతారు. మార్కులు పెరుగుతాయి. పాఠం చెప్పి అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే పెరగకుండా ఎలా ఉంటాయి? పోల్చి చూడటానికి పాఠం వినని ఇంకో గుంపు ఉండదు. ఆ గర్భిణి ఐరన్ మాత్రలు వేసుకుందా, ఆమె హిమోగ్లోబిన్ పెరిగిందా అని ఎవరూ వెళ్లి చూడరు. చివరి అధ్యాయంలో ఫలితం ‘సిగ్నిఫికెంట్’ అని వస్తుంది. వైవా అయిపోతుంది, బైండింగ్ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది.

ఈ పద్ధతి వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఎవరో రాసిన సినాప్సిస్‌లో (థీసిస్ ముందు ఇచ్చే ప్రణాళికలో) ఊరి పేరు మార్చితే చాలు, పని అయిపోతుందని పిల్లలకు త్వరగానే తెలిసిపోతుంది. స్టాటిస్టిక్స్ దాకా అన్నీ డబ్బు తీసుకుని చేసిపెట్టే చోట్లు ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాత్రంతా నొప్పులు పడుతున్న తల్లి పక్కన నిలబడి చూసుకోగలిగే అమ్మాయి, పరిశోధన అనేసరికి అది తనకు సంబంధం లేని రాతపని అనుకుని బయటపడుతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క పరిశోధన పేపర్ కూడా చదవదు. తప్పు ఆమెది కాదు. చదివితే తన పని మారుతుందని ఎవరూ ఆమెకు చూపించలేదు.

అదే సమయంలో లేబర్ రూమ్‌లో ఏం జరుగుతోందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు సమయపు సంరక్షణపై 56 సిఫార్సులు ఇచ్చింది. మామూలుగా జరిగే కాన్పులో బిడ్డ వచ్చే దారి వెడల్పు చేసే కోత (ఎపిసియాటమీ) అందరికీ వేయవద్దు, పైనుంచి పొట్ట నొక్కవద్దు, ఎనిమా వద్దు, షేవింగ్ వద్దు అంది. ఇబ్బందులు లేని తల్లి నొప్పుల్లో ఉన్నా ఏదైనా తాగవచ్చు, తినవచ్చు, నడవవచ్చు. తనకు నచ్చిన మనిషిని తోడు ఉంచుకోవచ్చు. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి బిగించాలి. గర్భాశయ ద్వారం గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోకపోతే కాన్పు ఆగిపోయినట్టే అనే పాత లెక్కను పక్కన పెట్టింది, చురుకైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని చెప్పింది. ఇవన్నీ మా పిల్లలు పరీక్షలో రాస్తారు, పది మార్కులు తెచ్చుకుంటారు. డ్యూటీలోకి వెళ్లగానే తొలిచూలు అయితే కోత తప్పదు, నీళ్లు ఇవ్వకూడదు, వెల్లకిలా పడుకోవాల్సిందే అని నేర్చుకుంటారు. పుస్తకంలో ఉన్నది పరీక్షకు, చేతికి నేర్పేది ఉద్యోగానికి అన్నట్టు రెండూ వేరైపోయాయి. ఆ నెలలో ఎంతమందికి కోత పడిందో, అందులో ఎంతమందికి నిజంగా అవసరమైందో అడిగితే చెప్పగల వార్డులు చాలా తక్కువ. రిజిస్టర్‌లో ఆ మాట ఉంటుంది, నెలాఖరున కూడేవాళ్లే ఉండరు.

అలవాట్లను ప్రశ్నించిన వాళ్లలో మన వృత్తి వాళ్లు ముందు వరుసలో ఉన్నారని విద్యార్థులకు చెప్పాలి. కాన్పుకు ముందు షేవింగ్ చేయడం వల్ల ఇన్ఫెక్షన్ తగ్గుతుందా అని 1922లోనే పరీక్షించి చూశారు. ఉపయోగం కనిపించకపోయినా ఆ అలవాటు ఇంకో అరవై ఏళ్లు నడిచింది. 1980లో బ్రిటన్‌లో మోనా రోమ్నీ అనే మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో శిక్షణ పొందినామె) మళ్లీ లెక్కలు తీసి ప్రచురించింది, మరుసటి ఏడాది ఎనిమా మీద కూడా. రోజూ తన చేతులతో చేసే పని తల్లికి మేలు చేస్తోందా అన్నదే ఆమె ప్రశ్న. 1984లో అదే దేశంలో జెన్నిఫర్ స్లీప్ అనే మరో మిడ్‌వైఫ్ 1000 మంది తల్లులపై కోత గురించి అధ్యయనం నడిపింది. ఒక గుంపులో బిడ్డకు ఇబ్బంది ఉంటేనే కోత, రెండో గుంపులో చిరగకుండా ముందే కోత. మొదటి గుంపులో 10 శాతం మందికి, రెండో గుంపులో 51 శాతం మందికి కోత పడింది. నొప్పి విషయంలో గానీ, తర్వాతి ఇబ్బందుల విషయంలో గానీ ఎక్కువ కోతలు వేసినందుకు లాభమేమీ కనిపించలేదు. మూడేళ్ల తర్వాత ఆ తల్లులను మళ్లీ అడిగి చూశారు కూడా. 1993లో అర్జెంటీనాలో 2606 మంది తల్లులతో జరిగిన అధ్యయనం కూడా అందరికీ కోత వేయడాన్ని సమర్థించలేదు.

ఇవి బయటి దేశాల కథలు అంటారేమో. అందుకే మన పక్క రాష్ట్రం సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఏఎన్ఎంలు (పల్లెల్లో కాన్పులు, టీకాలు చూసే నర్సులు), స్టాఫ్ నర్సులు అందరూ తెలుసుకోవాల్సిన చరిత్ర అది. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో కాన్పు తర్వాత రక్తస్రావం తల్లుల ప్రాణాలు తీస్తుండేది. దాన్ని ఆపే మందు ఆక్సిటోసిన్‌ను చల్లగా దాచాలి, ఇంజెక్షన్ వేయాలి. ఇంట్లోనో సబ్‌సెంటర్‌లోనో జరిగే కాన్పులకు అది అన్నిసార్లూ కుదరదు. మిసోప్రోస్టాల్ మాత్రలు 600 మైక్రోగ్రాములు నోటితో ఇస్తే రక్తస్రావం తగ్గుతుందా అన్నది ప్రశ్న. దానిపై జరిగిన అధ్యయనంలో 1620 మంది తల్లులు పాల్గొన్నారు. ఆ కాన్పులు చేసింది, మాత్రలు ఇచ్చింది, రక్తం కొలిచింది ఏఎన్ఎంలే. ఎవరికి అసలు మందు ఇస్తున్నారో, ఎవరికి ఉత్త మాత్ర ఇస్తున్నారో వాళ్లకూ తెలియకుండా జాగ్రత్తగా నడిపారు. ఉత్త మాత్ర వేసుకున్న వాళ్లలో 12 శాతం మందికి అధిక రక్తస్రావం అయితే, మందు వేసుకున్న వాళ్లలో 6.4 శాతం మందికే అయింది. 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం ఎన్నో దేశాల పల్లెలకు దారి చూపింది.

అక్కడ మాత్రతో పాటు పుట్టిన ఇంకో వస్తువు నాకు మరీ ఇష్టం. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే తప్పు వస్తుందని ఆ పరిశోధకులకు తెలుసు. అందుకని తల్లి కింద పరిచే ప్లాస్టిక్ షీటుకు కొలత గీతలున్న సంచిని జోడించారు. కంటి అంచనానూ సంచి కొలతనూ పోల్చి చూస్తే, కంటితో చెప్పింది సుమారు మూడో వంతు తక్కువగా తేలింది. కేస్ షీట్‌లో “బ్లీడింగ్ నార్మల్” అని రాసే ప్రతి ఒక్కరూ ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. తర్వాత కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులతో జరిగిన ఈ-మోటివ్ అధ్యయనంలో అలాంటి గీతల సంచితోనే రక్తం కొలిచి, గీత దాటగానే గర్భాశయ మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయని 2023లో ప్రకటించారు. కొలవడం అనే చిన్న పని వల్ల ఇంత జరిగింది. పోయిన రక్తాన్ని కంటి అంచనాతో రాస్తున్న ఏ వార్డులోనైనా మా బీఎస్సీ విద్యార్థులు నలుగురు ఒక నెలపాటు సంచి పెట్టి కొలిచి, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాస్తే అది థీసిస్ కాదా? నాకైతే అదే అసలైన థీసిస్.

సీనియర్లు తరచూ అనే మాట ఒకటుంది, మన ఆడవాళ్ల శరీరం వేరు, ఆ పేపర్లు మనకు పనికిరావు అని. ఆ మాటను నేను కొట్టిపారేయను. అది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి చూడండి. 1972లో న్యూజిలాండ్‌లో మేలు చేసింది. 2015లో మన దేశంతో సహా ఆరు దేశాల్లో ఊళ్ల స్థాయిలో విస్తృతంగా ఇచ్చి చూస్తే శిశు మరణాలు తగ్గకపోగా, మొత్తం మీద కాస్త పెరిగాయి. నెలల లెక్క సరిగా తెలియకుండా, పుట్టిన బిడ్డను చూసుకునే వసతి లేకుండా ఇస్తే ఆ మందు ఫలితం మారిపోతుందేమో అని ఆలోచించారు. 2020లో భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో స్కానింగ్‌తో నెలలు నిర్ధారించి, వసతులున్న ఆసుపత్రుల్లోనే ఇస్తే మేలు జరిగిందని తేలింది. చోటు మారితే ఫలితం మారొచ్చు, నిజమే. కానీ మారుతుందో లేదో తెలియాలంటే లెక్క తీయాలి. మన తొలిచూలు తల్లులకు కోత లేకుండా ఎక్కువ చిరుగుతుందని నమ్మే సీనియర్ సిస్టర్, ఆ లెక్క తీయడానికి ముందుకు వచ్చే మొదటి గైడ్ కావాలని నా కోరిక.

మన రాష్ట్రాల్లో ఈ పని ఇప్పుడే ఎందుకు చేయాలో చెబుతాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4 శాతం. దేశమంతా కలిపితే 21.5 శాతమే. మామూలు కాన్పులు పెరగాలనే తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలపై మార్గదర్శకాలు తెచ్చి, స్టాఫ్ నర్సులకు 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ పెట్టింది. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఇంత జరిగాక ఎవరో ఒకరు అడుగుతారు, మిడ్‌వైఫ్‌లు వచ్చాక ఏం మారింది అని. ఆ జవాబు మన దగ్గర ఉండాలి. మన తరఫున ఇంకెవరో లెక్కించి చెప్పే దాకా ఆగడం మంచిది కాదు.

లెక్కించే పద్ధతి కూడా సిద్ధంగా ఉంది. మైఖేల్ రాబ్సన్ అనే ప్రసూతి వైద్యుడు 2001లో ప్రతిపాదించిన పది గుంపుల వర్గీకరణను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని ఆసుపత్రులకూ సిఫార్సు చేసింది. దానికి కావాల్సినవి ఆరు విషయాలే. తొలిచూలా కాదా, ఇంతకు ముందు ఆపరేషన్ అయిందా, నొప్పులు వాటంతట అవే వచ్చాయా తెప్పించారా, ఎన్ని వారాలు, బిడ్డ తల కిందికి ఉందా అడ్డంగా ఉందా, ఒక బిడ్డా కవలలా. ఇవన్నీ మన కేస్ షీట్లో ఉన్నవే. ఒక జిల్లా ఆసుపత్రిలో ఆరు నెలల కాన్పులను ఈ పది గుంపుల్లో వేస్తే, ఆపరేషన్లు ఎక్కడ పెరుగుతున్నాయో కళ్ల ముందు కనిపిస్తుంది. పాత ఆపరేషన్ ఉన్నవాళ్లలోనా, నొప్పులు రాకముందే తీసుకెళ్లిన తొలిచూలు తల్లుల్లోనా అన్నది తేలుతుంది. ఆ రెండింటికీ మందు వేరు. మా థర్డ్ ఇయర్ పిల్లలు చేయగలరు ఈ పని. పేర్లు తీసేసిన రికార్డుల లెక్క కాబట్టి ఎథిక్స్ కమిటీ త్వరగా చూసి పంపే వెసులుబాటు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. కమిటీకి పెట్టకుండా చేయమని నేను అనడం లేదు, పెట్టడానికి భయపడవద్దని అంటున్నాను.

ఇంకో విషయం. ఫలితం అనుకున్నట్టు రాకపోతే ఆ విద్యార్థికి మార్కులు తగ్గించకండి. ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నర మందికి పైగా తల్లులతో బెటర్‌బర్త్ అధ్యయనం జరిగింది. కాన్పు చేసేవాళ్లు చెక్‌లిస్టు ప్రకారం పనిచేసేలా పక్కనుండి నేర్పించారు. పనితీరు బాగా మెరుగైంది, కానీ తల్లీబిడ్డల మరణాలు తగ్గలేదు. 2017లో ఆ మాటను దాచకుండా ప్రచురించారు. మంచి అలవాట్లు ఒక్కటే చాలవని, చేతిలో నైపుణ్యం, మందులు, రిఫర్ చేస్తే చేరే ఆసుపత్రి కూడా కావాలని దానివల్ల అందరూ ఆలోచించారు. మన దగ్గర అయితే అలాంటి ఫలితం తెచ్చిన అమ్మాయిని గైడ్ ఏమంటారో నాకు తెలుసు. “శాంపిల్ మళ్లీ చూడమ్మా” అంటారు. ఆ ఒక్క మాటతో నిజం చెప్పే అలవాటు పోతుంది.

ఇక మీరు ఏం చేయాలని నేను కోరుతున్నానో సూటిగా రాస్తాను.

ఒక్క గుంపుకే ముందు, తర్వాత పరీక్ష పెట్టే అవగాహన థీసిస్‌లను ప్రసూతి నర్సింగ్‌లో ఇక ఒప్పుకోవద్దు. వాటి బదులు వార్డులో జరిగే పనిని లెక్కించే టాపిక్‌లను అడగండి. కోతలు, తోడు మనిషి, బొడ్డుతాడు బిగించే సమయం, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గుర్తించే చార్టు) కాన్పు జరుగుతుండగా నింపుతున్నారా అయిపోయాక నింపుతున్నారా, కుట్లు పడిన తల్లి ఆరు వారాల తర్వాత ఎలా ఉంది. చివరిది ముఖ్యంగా ఒత్తి చెబుతున్నాను. డిశ్చార్జి అయ్యాక బాలింత కూర్చోగలుగుతోందా, నొప్పి లేకుండా బాత్రూమ్‌కు వెళ్లగలుగుతోందా అని మనం ఎప్పుడూ అడగలేదు. ఫోన్ చేస్తే చెబుతారు. పరిశోధన ప్రశ్నల్లో తల్లులు అడిగేవీ ఉండాలి.

ప్రాక్టికల్ పరీక్షలో ఒక చిన్న పేపర్ సారాంశం ఇచ్చి, మీ వార్డులో దీన్ని పాటిస్తారా, ఎందుకు, ఏ తల్లి విషయంలో పాటించరు అని అడగండి. పేపర్ చదవడం మార్కులతో ముడిపడితేనే ట్యూటర్లు నేర్పుతారు, పిల్లలు నేర్చుకుంటారు. మొదటి ఏడాది నుంచి నెలకు ఒక్క ప్రశ్న, ఒక్క పేపర్ చాలు. క్లాస్‌రూమ్‌లో కాకుండా వార్డులోనే, ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను కూడా కూర్చోబెట్టుకుని తెలుగులో మాట్లాడితే చాలా బాగుంటుంది. ఇంగ్లిష్ పేపర్ చూడగానే టెన్షన్ పడే పిల్లలు అదే విషయం తెలుగులో ఎంత పదునుగా వాదిస్తారో నేను చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సులు, అధ్యయనాలన్నీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షల సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. 2025 జనవరి నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు వేల జర్నల్స్ అందుబాటులోకి తెచ్చింది. మీ కాలేజీ అందులో నమోదైందో లేదో ప్రతి ప్రిన్సిపాల్ ఈ వారమే కనుక్కోవాలి.

థీసిస్ పూర్తయ్యాక ఒక్క పేజీ తెలుగులో రాయించి ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, లేబర్ రూమ్ ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఇప్పించండి. అది ఇచ్చిన రసీదు లేకుండా వైవాకు పంపవద్దు. మరుసటి ఏడాది బ్యాచ్ అదే లెక్కను మళ్లీ తీయాలి. కోతలు తగ్గాయా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. కొత్త టాపిక్ కావాలని ప్రతి ఏడాదీ పరుగులు పెట్టించడం కంటే ఒకే ప్రశ్నను ఐదేళ్లు వెంటాడటం ఎక్కువ ఉపయోగం.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కూడా ఇందులో భాగం కావాలి. పన్నెండు గంటల నైట్ డ్యూటీ చేసిన మనిషిని ఇంటికెళ్లి పేపర్ చదువుకోమనడం అన్యాయం. పదిహేను రోజులకు ఒక గంట, డ్యూటీ సమయంలోనే, హాజరుతో సహా ఇవ్వండి. డాక్టర్లను కూడా పిలవండి. కోత వేయకుండా ఆగిన నర్సు ఒంటరిగా మాట పడకూడదు. ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి అన్నది డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కలిసి నిర్ణయించి, సంతకాలు పెట్టి గోడకు అంటిస్తే, “మేడమ్ ఏమంటారో” అనే భయం పోతుంది. నాతో పనిచేసిన డాక్టర్లలో చాలామంది ఇలాంటి చర్చకు సంతోషంగా వచ్చారు. పిలిచేవాళ్లే తక్కువ.

వచ్చే విద్యా సంవత్సరం టాపిక్‌లు ఖరారు చేసే సమావేశాలు త్వరలో మొదలవుతాయి. అన్ని కాలేజీలూ ఒకేసారి మారడం కష్టమైతే, ప్రతి కాలేజీ కనీసం ఒక గుంపు విద్యార్థులకు లేబర్ రూమ్ లెక్కను టాపిక్‌గా ఇవ్వండి. రిజిస్టర్ నుంచి కోతలు, తోడు మనిషి, రాబ్సన్ గుంపులు రాసుకునే ఫారాలు తెలుగులో తయారుచేసి పెట్టుకున్నాను. అడిగిన కాలేజీకి ఇస్తాను. పిల్లలతో కూర్చుని మొదటి వంద కేస్ షీట్లు నింపడానికి నేనే వస్తాను.

ఇట్లు,
ఒక మిడ్‌వైఫరీ ట్యూటర్